సాయం బటన్ వెనక గది

ఎంబ్రాయిడరీ దుకాణంలో ఆమెను అందరూ చిన్నక్క అంటారు. దుకాణం పిన్నిది. ముందు గదిలో రెండు పెద్ద మిషన్లు, మెట్ల కింద ఒక టేబుల్, దాని మీద కంప్యూటరు. బట్ట మీదికి వెళ్ళే ప్రతి పువ్వూ ముందు ఆ కంప్యూటరులో పుట్టాలి. కుట్టు ఎక్కడ మొదలవ్వాలి, ఎటు తిరగాలి, దారం ఎక్కడ తెగాలి, అన్నీ అక్కడే గీసి మిషనుకు పంపాలి. ఆ పనంతా చిన్నక్కదే. తొమ్మిదో తరగతి సగంలో బడి ఆగిపోయింది కాబట్టి ఈ విద్య ఏ బడిలోనూ నేర్చుకోలేదు. పక్కన కూర్చుని చెప్పినవాళ్ళూ లేరు.

నేర్పింది గుడ్లగూబ.

ఆమె వాడేది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఎక్కడెక్కడివాళ్ళో తీరిక చేసుకుని రాసినది. లోపల ఏముందో ఎవరైనా చూడవచ్చు, చేతనైతే బాగుచెయ్యవచ్చు. తెర మూలన ‘సాయం’ అనే బటన్ ఉంటుంది. నొక్కితే నేరుగా ఒక చాట్ గదిలోకి దిగుతాం. ఆరేళ్ళ కిందట పట్టు బట్ట మీద పువ్వు వేస్తే చుట్టూ ముడతలు పడుతుంటే, ఏం చెయ్యాలో తోచక చిన్నక్క ఆ బటన్ నొక్కింది. ‘ముందు అడుగున ఒక వరస పలచగా కుట్టించండి. పువ్వు దాని మీద వెయ్యండి’ అని జవాబు వచ్చింది. రాసినవారి పేరు గుడ్లగూబ.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు మాటలు. ఆ గదిలో ఆమె పేరు సూది. గుడ్లగూబ ఊరేదో, అసలు పేరేదో ఆమె అడగలేదు. ఆయనో ఆవిడో కూడా తెలియదు. ఆయనే అనుకుని ఊరుకుంది.

“ఒంటిగంటయిందే. మీ గుడ్లగూబగారు పగలు కూడా మేలుకునే ఉంటారా?” అనేది పిన్ని.

“ఉంటారు పిన్నీ. ఇప్పుడే భోంచేశారట.”

“నయం. మీ బాబాయి ఎదురుగా కూర్చుని కూడా ఇంత చెప్పడు.”

చిక్కేమిటంటే, ఆ గది సాఫ్ట్‌వేర్ వాళ్ళ సొంతం కాదు. ఇంకెవరో నడిపే నెట్‌వర్క్‌లో ఒక మూల. ఈ ఏడు ఆ నెట్‌వర్క్ చేతులు మారింది. కొత్త యజమానులు గదిని కనిపెట్టుకుని ఉండేవాళ్ళను తీసేశారు. దారం గురించి అడిగితే బూతులు, ప్రకటనలు వచ్చిపడేవి. సాఫ్ట్‌వేర్ వాళ్ళు వేరే నెట్‌వర్క్‌లో ఇంకో గది తెరిచారు. కానీ ఆ గది పేరు పాత గదిలో ఎవరు రాసినా, వాక్యం మాయమయ్యేది, రాసినవాళ్ళను బయటికి నెట్టేవారు. ఇద్దరు అలా వెళ్ళిపోవడం చిన్నక్క చూసింది. పాత గది ఏ రోజు మూతపడుతుందో తెలియదు. మూతపడితే గుడ్లగూబను వెతకడానికి ఆమె దగ్గర ఒక ఫోన్ నంబరైనా లేదు.

బటన్ వెనక చిరునామా మార్చాలా వద్దా అని సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళలో చర్చ లేచింది. మెనూలన్నీ తెలుగులోకి మార్చింది చిన్నక్కే కాబట్టి ఆమెకూ అందులో చోటుంది.

వాళ్ళలో పెద్ద తలకాయ పేరు తాళం. “ఒక్క లైను మార్పు. కొత్తవాళ్ళు బటన్ నొక్కి బురదలో పడుతున్నారు” అన్నాడు.

“మనం కుట్టుపని వాళ్ళం. ఏ నెట్‌వర్క్ మంచిదో చెప్పడం మన పనా?” అన్నాడు జల్లెడ అనే ఆయన.

“ఇప్పుడున్నది మాత్రం ఎవరు చెప్పారు? మనమేగా.”

వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఏ మార్పుకైనా మూడు రోజుల గడువు. ఈలోగా పనిలో చెయ్యి వేసినవాళ్ళు ఎవరైనా ‘ఆగండి’ అనవచ్చు. వాళ్ళకు సమాధానం చెప్పేదాకా మార్పు కదలదు. చిన్నక్క అప్పటిదాకా ఒక్కసారీ ఆ మాట అనలేదు.

రెండో రోజు ఆమె మార్పు చేసిన కాపీని పరీక్షకు వేసుకుని బటన్ నొక్కి చూసింది. కొత్త గదిలో దిగింది. శుభ్రంగా ఉంది. కాకపోతే, తనను ఎవరూ ఏమీ అడగలేదు. లోపల వెతికితే సంగతి తెలిసింది. సెట్టింగుల్లో తామే నెట్‌వర్క్ మార్చుకున్నవాళ్ళ ఎంపికనే సాఫ్ట్‌వేర్ రాసిపెట్టుకుంటుంది. మార్చనివాళ్ళ గురించి ఏమీ రాసుకోదు. కావాలని ఉన్నవాళ్ళూ, తెలియక ఉన్నవాళ్ళూ దానికి ఒకటే. అందరినీ ఎత్తుకొచ్చి కొత్త చోట దింపుతుంది.

గుడ్లగూబ సెట్టింగుల జోలికి వెళ్ళే మనిషి కాదు. ఊరుకుంటే చాలు, ఏదో ఒక ఒంటిగంటకు తనంతట తానే కొత్త గదిలో కనిపిస్తాడు.

చిన్నక్క కాసేపు కీబోర్డు మీది దారపు పోగులు ఏరింది. బడి మానిపించినప్పుడూ ఇంతే. ఒక సోమవారం పుస్తకాల సంచి బదులు దారపు కండెలు చేతికిచ్చారు. ఆమె మంచికే కావచ్చు. ఉంటావా, మానేస్తావా అని మాత్రం ఎవరూ అడగలేదు.

‘ఆగండి’ అని టైపు చేసింది. ‘మార్చండి. కానీ పాతవాళ్ళను ఒకసారి అడిగి మార్చండి.’

“అడిగితే సగంమంది అక్కడే ఉండిపోతారు,” అన్నాడు తాళం.

‘ఉండనివ్వండి.’

తాళం రాశాడు. “సరే. ఆ వాక్యం మీరే రాయండి.”

కొత్త కాపీ విడుదలయింది. మొదటిసారి వేసుకునేవాళ్ళు నేరుగా కొత్త గదికి వెళతారు. పాతవాళ్ళకు మాత్రం మొదటిసారి ఒక ప్రశ్న కనిపిస్తుంది. ‘మన గది వేరే చోటికి మారింది. అక్కడికి వస్తారా, ఇక్కడే ఉంటారా?’

మొదటి రోజు ఒంటిగంటకు గుడ్లగూబ కొత్త గదికి రాలేదు. వారమైనా రాలేదు. తొమ్మిదో రోజు ఆమె పాత చిరునామా చేత్తో టైపు చేసి వెళ్ళింది. ప్రకటనల మధ్య గుడ్లగూబ ఉన్నాడు.

‘సూదిగారూ, ప్రశ్న చూశాను. చదవగానే మీ వాక్యమని తెలిసింది.’

‘రాలేదేం మరి?’

‘పాత కాపీలవాళ్ళు ఇంకా ఇక్కడే దిగుతున్నారండీ. నిన్న ఒకామెకి పట్టు ముడుచుకుపోయింది. ఎటు వెళ్ళాలో చెబితే నన్ను గెంటేస్తారు. కుట్టెలా వెయ్యాలో చెప్పచ్చుగా.’

పిన్ని భుజం మీదుగా తొంగిచూసింది. “ఏమంటారే?”

“రానంటున్నారు పిన్నీ.”

“అడక్కపోతే వచ్చేవారేమో.”

“వచ్చేవారే.”

ఆమె తెర మీద రెండు కిటికీలు పక్కపక్కన పెట్టుకుంది. కొత్త గదిలో ఎవరో అప్పుడే దిగారు. పలచటి బట్ట, పువ్వు చుట్టూ ముడతలు. జవాబు చెప్పేవాళ్ళు ఎవరూ కనిపించలేదు. చిన్నక్క కుర్చీ ముందుకు లాక్కుని, ‘ముందు అడుగున ఒక వరస పలచగా కుట్టించండి’ అని మొదలుపెట్టింది.