ఆకుపచ్చను కొలిచిన సబ్బుపెట్టె

సోల్డరింగు పొగ ముక్కుకు తగిలితే చాలు, ఇప్పటికీ శేషగిరి గారు గుర్తొస్తారు. వెంటనే ఆయన నన్నన్న మాట గుర్తొచ్చి కాస్త కోపమూ వస్తుంది. విజయవాడ గవర్నరుపేటలో ఆయనకు టీవీలు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. తొంభైల చివర అక్కడ పనిలో చేరాను. ఫ్యానుగాలి తగలని మూల నాకు బల్ల వేయడం, నేను అతికించిన ప్రతి తీగనూ మళ్ళీ లాగి చూడడం, ఏదీ మరిచిపోలేదు.

వరి ఆకు పచ్చదనం కొలిచే మీటరు చేద్దామన్న ఆలోచన ఆయనదే. బయట దొరికేది రైతులు కొనగలిగేది కాదు. సబ్బుపెట్టెలో ఒకవైపు ఎర్ర ఎల్ఈడీ, పక్కనే టీవీ రిమోట్లలో ఉండే కంటికి కనపడని కాంతి ఎల్ఈడీ, ఎదురుగా సెన్సారు పెట్టాను. మధ్యలో ఆకును ఉంచి నొక్కితే అంకె వస్తుంది. అంకె తగ్గితే పైరుకు యూరియా కావాలన్నమాట. మూడు నెలలు దానితో కుస్తీ పట్టాను. ఆయన బాగుందనలేదు. "పొలంలో చూద్దాం పద," అన్నారు.

పామర్రు దగ్గర కోటేశ్వరమ్మ గారనే కౌలురైతు చేనుకు వెళ్ళాం. యూరియా వేయాలో మానాలో మా అంకెను బట్టే తేల్చుకుంటానని ఆవిడ ఎదురుచూస్తున్నారు. మమ్మల్ని గట్టు మీదే నిలబెట్టి, తనే దిగి ఆకులు తెంచి తెచ్చారు. అన్నిటికీ అంకె ఎక్కువే వచ్చింది.

"వేయక్కర్లేదండీ," అన్నాను ధీమాగా.

శేషగిరి గారు ఆ ఆకులను అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏమ్మా, పెళ్ళిచూపులకు ముస్తాబు చేసినట్టు మంచివే ఏరి తెచ్చారా ఏంటి?"

"మరి అంత దూరం నుంచి వచ్చినోళ్ళకి పాలిపోయినయ్యి చూపిస్తామా అండీ?"

చూడ్డానికి గట్టు మీద చేరిన పక్క చేలవాళ్ళు నవ్వారు. ఆయన వాళ్ళ వైపు తిరిగి, "మావాడి మీటరు శుభ్రంగా ఉందండీ. వాడే ఇంకా గట్టు దిగలేదు," అన్నారు.

ముఖం మాడ్చుకుని, చెప్పులు విప్పి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి బురదలోకి దిగాను. చేను నడుమకు పోయేకొద్దీ అంకెలు పడిపోయాయి. నా మాట విని ఆవిడ ఊరుకుని ఉంటే ఆ ఏటి పంట దెబ్బతినేది. మర్నాడే యూరియా చల్లించారు. కొన్నాళ్ళకు చేనంతా ఒక్క రంగుకు తిరిగింది.

చాలా ఏళ్ళ తర్వాత శేషగిరి గారిని అడిగేశాను. "అంతమంది ముందు అలా అనొచ్చాండీ మీరు?"

ఆయన టీ చల్లార్చుకుంటూ, "అన్నానయ్యా. దిగావుగా!" అన్నారు.

కోపం పోలేదు, పోనివ్వను కూడా. కానీ ఎవరైనా ఆకులు కోసి తెచ్చి చేతికిస్తే వాటిని పక్కన పెట్టి, ముందు చెప్పులు విప్పుతాను.