కటింగ్ మాస్టర్ గురించి ఒక మంచి మాట

తనే కొలత తప్పు రాసుకుని, తన దగ్గర పనిచేసే ఆమెను కస్టమర్ల ముందు తిట్టిపోశాడు టైలరింగ్ షాపు యజమాని. ఆమె కత్తెర బల్లమీద పెట్టి బయటికి నడిచింది. ఆ తర్వాత ఎక్కడ పని అడిగినా, వాళ్ళు ముందు అతనికే ఫోన్ చేసేవాళ్ళు. “పని వచ్చు గానీ చేతివాటం ఉంది” అనేవాడు. గుడ్డ పీలిక కూడా ఇంటికి తీసుకెళ్ళని మనిషి మీద ఎంత నింద! చివరికి ఎవర్నీ వాకబు చేయకుండా తన కుట్టు దుకాణంలో పనిచ్చింది సొంత వదినే. ఇప్పుడా దుకాణం ఇద్దరిదీ.

మొన్న దుకాణంలో ఫోన్ మోగింది. ఆ గొంతు ఆమె చచ్చినా మరిచిపోదు. అతను మాత్రం ఆమెను పోల్చుకోలేదు.

“మీ దగ్గర మానేసిన కటింగ్ మాస్టర్ పనికోసం మా షాపుకొచ్చాడమ్మా. మనిషి ఎలాంటోడు? చేతివాటం లేదు కదా?”

నిజానికి ఆ మాస్టర్‌ని వీళ్ళే పంపేశారు. బట్టంతా ఒకే వైపుకి పొరలుగా పరిచి, వెనకా ముందూ చూసుకోకుండా ఒకేసారి కోసేసి, బడి యూనిఫాంలన్నిటికీ ఎడమ చేతులే మిగిల్చిన ఘనుడతను.

“అబ్బే, పరాయి సూది కూడా ముట్టడండీ,” అంది ఆమె తీయగా. “పెద్ద ఆర్డరుంటే కళ్ళు మూసుకుని అప్పజెప్పండి. మధ్యలో చూడబోతే మాత్రం నొచ్చుకుంటాడు.”

ఫోన్ పెట్టగానే వదిన బుగ్గలు నొక్కుకుంది. “ఎంత పని చేశావే! ఆయన కొంప మునుగుతుంది.”

“దొంగా కాదా అని అడిగాడు, నిజమే చెప్పాను వదినా. నా గురించి ఆయన ఆ మాత్రం నిజం కూడా చెప్పలేదు.”