ఔటర్‌లో ఆగిన చెయ్యి

నా చిన్నప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ భయపడింది మా నాన్న కుడిచేతికి. ఆ చేత్తో ఆయన నన్ను ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. నా భయం అది కాదు. పొద్దున్న లేచేసరికి ఆ చేతి వేళ్ళు ముడుచుకుపోయి ఉండేవి. మంచం అంచున కూర్చుని, ఎడమచేత్తో ఒక్కొక్క వేలూ పట్టుకుని తెరుచుకునేవాడు. చలికాలంలో అయితే ఆ వేళ్ళు సున్నం పూసినట్టు తెల్లబడేవి. అమ్మ వేడినీళ్ళ గిన్నె తెచ్చి పక్కన పెట్టేది. ఆయన చెయ్యి అందులో ముంచి, కిటికీ వైపు చూస్తూ కూర్చునేవాడు. నేను అటు చూడకుండా జడ వేసుకుంటున్నట్టు నటించేదాన్ని.

మాది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ. మా తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి వర్క్‌షాపులో చేరాడు. గాలి ఒత్తిడితో చేతిలో అదిరిపోతూ రివిట్లు కొట్టే గాలిసుత్తి ఆయన పని. ఆయన తరవాత అదే షెడ్డులో, అదే సుత్తి మా నాన్న పట్టుకున్నాడు. చివరి రోజుల్లో తాతయ్య వేళ్ళు కూడా ఇలాగే ముడుచుకుపోయాయట. అందుకని మా ఇంట్లో దీన్ని వంశం చెయ్యి అనేవాళ్ళు. పక్క క్వార్టరు వాళ్ళతో మాట్లాడుతూ అమ్మ చాలా మామూలుగా అనేసేది, ఆ జబ్బు వాళ్ళ రక్తంలోనే ఉందని. ఆ మాట గురించి ఎవరూ రెండోసారి ఆలోచించినట్టు లేరు. నేను మాత్రం రోజూ ఆలోచించేదాన్ని. పుట్టు భయస్తురాలిని నేను. కుక్క తోక ఊపినా కరవడానికే అనుకునే రకం.

మా చిన్నాన్న, అంటే నాన్న తమ్ముడు, స్టేషనులో టికెట్ కలెక్టరు. ఇంకా పెళ్ళి కాలేదు, మాతోనే ఉండేవాడు. ఆయనకి ఒక గిటారు ఉండేది. మా వీధి చివర బంగళాలో ఉండే ఆంగ్లో ఇండియన్ డ్రైవరు కుటుంబం ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ ఆయనకి ఇచ్చిపోయింది. దాన్ని పట్టుకుని ఆయన రైల్వే ఇనిస్టిట్యూట్ బ్యాండులో చేరిపోయాడు, తీరిక దొరికితే నాకు నేర్పడం మొదలుపెట్టాడు. ఆడపిల్లకి ఆ తంబూరా ఎందుకని అమ్మ సణిగేది. చిన్నాన్న నవ్వి, "తంబూరా కాదొదినా, గిటారు. నీ కూతురు నీ కంటే ఏగంగా వాగుద్ది దీంతోటి," అనేవాడు. అమ్మ గరిటె చూపించేది.

గిటారు తీగల్ని మీటడానికి వేళ్ళ మధ్య పట్టుకునే చిన్న బిళ్ళని పిక్కు అనేవాళ్ళం. నా పిక్కు మా నాన్నే చేసిచ్చాడు. షెడ్డులో చెత్తలోకి పోయిన ఎర్ర ఫైబరు ముక్కని ఆకురాయితో అరగదీసి, అంచులు గుండ్రంగా నున్నగా చేసి తెచ్చాడు. ఆయనకి పాటలంటే ఏమీ తెలీదు. కానీ పనిముట్టు అంటే తెలుసు. అది నా చేతిలో పెట్టి, "గట్టిగా పట్టుకో తల్లీ. సేతిలోది జారితే సెయ్యే పోద్ది," అన్నాడు. తన పక్కవాడి చేతిలో సుత్తి జారి బొటనవేలు తెగిపోవడం ఆయన కళ్ళారా చూశాడు. అందుకే నేను వాయించడానికి కూర్చున్నప్పుడల్లా ఆ మాట మళ్ళీ చెప్పేవాడు. నేనూ గట్టిగానే పట్టుకునేదాన్ని. వాయించడం అయ్యాక బొటనవేలి మీద పిక్కు అచ్చు దిగి ఉండేది.

దసరాకిచ్చే పూజా సెలవుల ముందు ఇనిస్టిట్యూట్‌లో ఒక కార్యక్రమం ఉండేది. ఆ ఏడు చిన్నాన్న ఒక రైలు బాణీ కట్టాడు. ప్లాట్‌ఫారం మీంచి బండి కదిలినట్టు మెల్లగా మొదలై, వేగం పెరిగి పెరిగి మెయిలు పరుగు అందుకుని, చివరికి స్టేషనులో ఆగాలి. అడుగున బరువైన తాళం చిన్నాన్నది. పైన సన్నతీగ మీద ఒకసారి కిందికీ ఒకసారి పైకీ గబగబా మీటుతూ పరుగెత్తే భాగం నాది. కాలనీ అంతా వస్తుంది. మా ఇద్దరి పేర్లూ ఇచ్చేశాడు కూడా.

మెల్లగా ఉన్నంతసేపూ బాగానే ఉండేది. వేగం పెరిగేకొద్దీ నా మోచెయ్యి బిగుసుకునేది, మణికట్టు కర్రలా అయిపోయేది, మోచేతి నుంచి వేళ్ళ దాకా మంట ఎక్కేది. సరిగ్గా మెయిలు పరుగు అందుకునే చోట చెయ్యి ఆగిపోయేది. "మళ్ళీ ఔటర్లో ఆగిపోనాదేటే బండి?" అని చిన్నాన్న ఆటపట్టించేవాడు. స్టేషనుకి దూరంగా ఔటర్ సిగ్నల్ దగ్గర బండ్లు ఊరికే నిలబడిపోవడం మాకు అలవాటే కదా. నేనూ నవ్వేదాన్ని. నవ్వి, ఇంకా గట్టిగా పట్టుకుని మళ్ళీ వాయించేదాన్ని.

ఒకరోజు పొద్దున్న లేచేసరికి నా కుడిచేతి వేళ్ళు తెరుచుకోలేదు. దుప్పటి కింద ఎడమచేత్తో ఒక్కొక్కటే పట్టి తెరిచాను. వేళ్ళు తెరుచుకున్నాయి. వచ్చేసింది, నాకూ వచ్చేసింది అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే అమ్మ గిటారు మూలన పెట్టించేస్తుంది. అది ఒక సంగతి. అసలు భయం వేరు. చెబితే నాన్న మొహం ఎలా అయిపోతుందో నాకు తెలుసు. ఆ రోజు నుంచి అమ్మ కంచంలో అన్నం పెట్టగానే వేళ్ళు ఆడించి చూసుకునేదాన్ని. స్కూల్లో పెన్ను పట్టుకునే ముందు బెంచీ కింద ఆడించి చూసుకునేదాన్ని. దారిలో రైల్వే ఆసుపత్రి వస్తే తల దించుకుని అవతలి పక్కకి మారిపోయేదాన్ని.

చిన్నాన్న ఏం గమనించాడో ఏమో, ఒక సాయంత్రం నా ఎర్ర పిక్కు తీసి తన జేబులో వేసుకున్నాడు. అప్పట్లో రైలు టికెట్లు చిన్న దళసరి అట్టముక్కలు. స్టేషను బయట జనం పారేసినవి ఏరి డబ్బాల్లో దాచుకోవడం మా కాలనీ పిల్లలందరికీ ఉన్న పిచ్చి. నా డబ్బాలోంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

"మీ నాన్న నైట్ డ్యూటీ సేసొచ్చి పడుకుంటన్నాడు. సప్పుడు రాకూడదు. కొన్నాళ్ళు దీంతోటి వాయించు. నేనొచ్చేసరికి టికెట్టు నాకు సూపించాల. నలిగిందో, నీ వాటా సింగాడా నాదే. ఠీక్ హై?"

సాయంత్రాలు ఆయన తెచ్చే సమోసాలనే మా ఊళ్ళో సింగాడాలంటారు. నేను నిజమే అనుకున్నాను. మొదటిరోజే ఆ అట్ట మధ్యకి మడత పడిపోయింది. బొటనవేలు నొక్కిన చోట గుంట పడింది. చేతి చెమటకి అంచు పీచు లేచింది. చిన్నాన్న డ్యూటీ నుంచి వచ్చి, గేటు దగ్గర టికెట్లు చూసినట్టే ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, తల అడ్డంగా ఊపి, నా సింగాడా తినేశాడు. మర్నాడూ తినేశాడు. నాకు ఒళ్ళు మండింది. ఎలాగైనా నలగని టికెట్టు చూపించాలన్న పట్టుదల వచ్చింది.

అట్ట నలగకుండా ఉండాలంటే జారిపోయేటంత తేలిగ్గా పట్టుకోవాలి. చెమట పట్టగానే ఆపి చెయ్యి తుడుచుకోవాలి, ఆరాక మళ్ళీ మొదలుపెట్టాలి. అట్టతో ఎంత బాదినా చప్పుడు పెద్దగా రాదు కాబట్టి బాదడం మానేశాను. తీగ దాటాక అంగుళం దూరం పోయే నా చెయ్యి, తీగని ఆనుకునే తిరగడం మొదలుపెట్టింది. ఇవన్నీ ఇప్పుడు ఇలా వివరంగా చెబుతున్నాను గానీ అప్పుడు నా ధ్యాసంతా సింగాడా మీదే. వేళ్ళు పొద్దున్నపూట తెరుచుకుంటున్నాయని కూడా కొన్నాళ్ళకి గానీ గమనించలేదు. ఒక సాయంత్రం చిన్నాన్న టికెట్టు చూసి రెండు సింగాడాలూ నా వైపు తోసేశాడు.

కార్యక్రమానికి ముందురోజు రిహార్సలు. హాల్లో అట్టముక్క వినబడదు కదా, అందుకని నా ఎర్ర పిక్కు నాకిచ్చాడు. అది వేళ్ళ మధ్యకి రాగానే నాన్న మాట చెవిలో వినబడింది. మెయిలు పరుగు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి బిగుసుకుని ఆగిపోయింది. అదే చోట. తగ్గిందనుకున్నది తగ్గలేదు, లోపలే ఉంది అనుకున్నాను. మర్నాడు నాకు అన్నం సహించలేదు.

తెర వెనక నిలబడి ఉండగా ఇక ఆపుకోలేకపోయాను. చిన్నాన్న చొక్కా పట్టుకుని చెప్పేశాను. నాకు వంశం చెయ్యి వచ్చేసిందని, పొద్దున్న వేళ్ళు తెరుచుకోలేదని, నాన్నకి చెప్పొద్దని. ఆయన మొహంలో నవ్వు పోయింది. తరవాత తన కుడిచెయ్యి నా కళ్ళ ముందు పెట్టి, వేళ్ళు విప్పి మూసి విప్పి చూపించాడు.

"మీ నాన్నా నేనూ ఒక కడుపునే పుట్టినాం కదే. మీ తాత రగతం కాదేటి నాది? మరి నా సెయ్యికేటైనాది? నేను సుత్తి పట్టనేదు, టికెట్లు కొట్టినాను. అంతే తేడా."

ఇంతలో మా పేరు పిలిచారు.

ఆ మాట నా తలకి వెంటనే ఎక్కింది, చేతికి ఎక్కలేదు. స్టేజీ ఎక్కాను. ముందు వరసలో నాన్న. నన్ను చూసి పిడికిలి బిగించి చూపించాడు. గట్టిగా పట్టుకోమని. బండి మెల్లగా కదిలింది, వేగం అందుకుంది. మోచెయ్యి బిగుసుకోవడం మొదలైంది. అట్టముక్కని పట్టుకున్నట్టే పట్టుకోవాలని బొటనవేలు వదులు చేశాను. భయంలో వదిలింది ఎక్కువైపోయింది. పిక్కు జారి, స్టేజీ చెక్కల మీద ఎగిరి, చిన్నాన్న బూటు దగ్గర పడింది.

జీవితంలో దేనికైతే భయపడుతూ వచ్చానో అదే జరిగింది, అదీ అందరి ముందర. నా వేళ్ళకేసి చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి. తెరుచుకునే ఉన్నాయి.

చిన్నాన్న వాయించడం ఆపలేదు. తన తాళాన్ని మెల్లగా తగ్గిస్తూ, బ్రేకు వేసిన బండిలా ఈడ్చి, మైకులోకి వంగి, "ఔటర్ సిగ్నల్! లైన్ క్లియర్ నహీ మిలా, దాదా!" అని, ముందుకి దారి ఇంకా దొరకలేదన్నట్టు అరిచాడు. రైల్వేవాళ్ళు కదా, హాలంతా గొల్లుమంది. వెనక వరసలో ఎవరో గార్డులా ఈల వేశారు. ఇంకెవరో "చాయ్ గరం" అని కేకేశారు. అది బాణీలో భాగమే అనుకున్నారు అందరూ. నేను వంగి పిక్కు తీసుకున్నాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలీదు. చిన్నాన్న పచ్చజెండా ఊపినట్టు తల ఊపాడు. మళ్ళీ మెల్లగా మొదలుపెట్టాం. ఈసారి చెయ్యి ఆగలేదు. కొన్ని చోట్ల మీటడం తప్పింది, ఒక చోట పక్క తీగ కూడా మోగింది. అయినా బండి స్టేషను చేరింది.

బయటికి వచ్చేసరికి నాన్న మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. నా చెయ్యి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "జారిపోనాది కదమ్మా," అన్నాడు. అవునన్నాను. "ఏటీ అవనేదు," అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు.

చెప్పొద్దన్న మాట చిన్నాన్న నిలబెట్టుకోలేదు. అంతా చెప్పేశాడు. నాన్న నన్ను ఓదారుస్తాడనుకున్నాను. ఆయన నా వైపు చూడనే లేదు. తమ్ముడి వైపు తిరిగి, "ఒరే, నీ సెయ్యి సూపించు," అన్నాడు. దీపం కిందికి లాగి ఆ చెయ్యి చూశాడు. ఒకే ఇంట్లో, పక్కపక్కనే కూర్చుని అన్నం తింటూ ఇన్నేళ్ళుగా చూస్తున్న చెయ్యే అది. వేళ్ళు మడిచి చూశాడు, విప్పి చూశాడు. చాలాసేపు వదల్లేదు.

"అయితే పిల్లకి రాదు," అన్నాడు. "పిల్లకి రాదురా." ఆ మెట్ల మీదే కూలబడిపోయాడు. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు, ఇంట్లో ఆ భయంతో బతుకుతున్నది నేనొక్కదాన్నే కాదని. నేను వాయించడానికి కూర్చున్నప్పుడల్లా గట్టిగా పట్టుకోమన్నది నేర్పడానికి కాదని, ఆ భయంతోనేనని. ఆయన పక్కన కూర్చుని, భుజానికి తల ఆనించి, సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఇప్పుడు నేను ఇదే ఊళ్ళో, సుభాష్‌పల్లిలో ఉంటున్నాను. సాయంత్రాలు కొంతమందికి గిటారు నేర్పుతాను. హిజ్లీ వైపు ఐఐటీలో చదువుకునే మన తెలుగు పిల్లలు సైకిళ్ళేసుకుని వస్తుంటారు, కొంత గిటారు కోసం, కొంత పప్పుచారు కోసం. వేగంగా వాయించబోతే చెయ్యి పట్టేస్తోందని, మోచెయ్యి మండుతోందని వాళ్ళలో ఎవరో ఒకరు ఎప్పుడూ అంటూనే ఉంటారు. ఫోనుల్లో చూసి చేసిన కసరత్తులన్నీ వరసగా చెబుతారు. విశ్రాంతి ఇవ్వమంటాను, మణికట్టు ఎలా తిప్పాలో చూపిస్తాను, మరీ నొప్పిగా ఉంటే డాక్టరు దగ్గరికి పంపిస్తాను. కానీ అవన్నీ తరవాత. ముందు గిటారు గోడకి ఆనించి, ఇంటి దగ్గర ఎవరికి ఎలా ఉందని అడుగుతాను. బాగానే ఉన్నారండీ అంటారు అందరూ. నేను లేచి వెళ్ళి టీ పెడతాను. తొందరపడను. చాలామంది రెండో కప్పు దగ్గర గానీ అసలు భయం చెప్పరు.