స్టాంపు మీద విత్తే ఆడమనిషి

మా ఆయనకు పాత స్టాంపుల పిచ్చి. ఆసుపత్రి పని మీద మదురై బస్సెక్కినా, తిరిగొచ్చేటప్పుడు జేబులో యూరప్ స్టాంపుల పొట్లం ఒకటి ఉండాల్సిందే. ఆల్బమ్‌లో వాటి పక్కన తెలుగు మాటలే రాసేవారు, తమిళ అక్షరాల్లో. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో దిద్దింది తమిళం, మరి ఇంకెలా రాస్తారు? ఆయన పోయి ఏడాది కాలేదు. ఏ దేశానివో తేలని స్టాంపులు ఒక కవరు నిండా మిగిలాయి. సాయంత్రమైతే నాకు ఇల్లు మింగేసేట్టు ఉంటుంది. అందుకే భూతద్దం, ఫోను పట్టుకుని వాటి ఊరూ పేరూ నేనే వెతకడం మొదలుపెట్టాను.

విత్తు వేసే ముందు రోజు ఒకటి తేలింది. పొడుగు గౌనులో ఒక ఆడమనిషి, పక్కన వేలాడే సంచి, గింజలు విదిలిస్తున్న చెయ్యి, దూరాన పొద్దు పొడుపు. అంచున ఉన్న పేరును తపాలా ముద్ర సగం కప్పేసింది. మిగిలిన సగాన్ని బట్టి ఫ్రాన్సుదని పట్టుకున్నాను. ఆవిడే ఆ దేశమట. నెత్తిమీద మెత్తటి టోపీ పూర్వం బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లు పెట్టుకునేదట. చల్లే గింజలు రేపటి మీద నమ్మకానికి గుర్తట. అంతా బాగానే ఉంది కానీ, జుట్టు వెనక్కి ఎగురుతోంది. అంటే ఎదురుగాలిలో విత్తుతోంది మహాతల్లి! మా ఆయన ఉంటే పగలబడి నవ్వేవారు. ఆ నవ్వు వినబడక నాకు ఏడుపొచ్చింది.

మాలో జొన్న విత్తేటప్పుడు మొదటి పిడికెడు ముత్తైదువ చల్లాలి. పెరియకుళానికి కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ చెయ్యి నాదే. ఈసారి కూడా విత్తనం ఎండబెట్టి, రాళ్లేరి, చేటలో పోసి పెట్టింది నేనే. నన్ను పిలుస్తారా లేదా అన్నదే బెంగ.

తెల్లారాక తోడికోడలు వచ్చింది.

"అక్కా, చేట ఇయ్యి. నువ్వు వెయిల్లో వచ్చేది వద్దు, ఇంట్లోనే రెస్ట్ ఎత్తుకో."

నా మీద ఇంత ప్రేమ ఎండకు భయపడి పుట్టింది కాదని నాకు తెలియదా? ఒళ్లు మండింది. ఆ స్టాంపూ భూతద్దమూ ఆమె చేతిలో పెట్టాను.

"దీన్ని చూడు. విత్తు చల్లుతా ఉండాది. ఈమెకు మొగుడు ఉండాడా అని ఎవురన్నా అడిగినారా?"

భూతద్దం పెట్టి చూసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నువ్వు రావాలనే నాకూ ఉండాదక్కా. ఆనా ఊరోళ్లు ఏమన్నా అంటారని బయం."

మనిషి మంచిదే. చేట నేనే ఎత్తి ఇచ్చాను.

కాసేపటికి పొలం వైపు నుంచి కులవ వినిపించింది. మొదటి పిడికెడు నేల మీద పడగానే ఆడవాళ్లంతా నాలుక ఆడిస్తూ వేసే కూత అది. ఇన్నేళ్లూ నా చుట్టూ నిలబడి వేసేవాళ్లు. అది మా ఇంట్లోకి ఇంత బాగా వినబడుతుందని నాకు ఆ రోజుదాకా తెలియదు.