ఆశాజ్యోతి ఇంట్లో ప్రార్థన

దేశం కాని దేశంలో, లోవర్ హట్ అనే ఊళ్లోని మా తెలుగు సంఘంలో ప్రతి శుక్రవారం ఒకరి ఇంట్లో ప్రార్థన కూడిక ఉంటుంది. ఎవరి వంతో ఆదివారం ఆరాధన అయ్యాక మా పెద్దావిడ శేషారత్నం గారు లేచి చెబుతారు. వంతు వచ్చినవాళ్లు హాలు ఖాళీ చేసి దుప్పట్లు పరుస్తారు. ఆమెన్ అనేసరికి వేడివేడి టీ, ఉప్మా సిద్ధంగా ఉంచుతారు. ఈమధ్య ఆశాజ్యోతి వంతు వచ్చిన ప్రతిసారీ ఆమెకు డ్యూటీ పడింది. అలాగని ఆమే చెప్పింది.

ఆశాజ్యోతిది చీరాల. పామర్‌స్టన్ నార్త్‌లో చదువు ముగించి, ఇక్కడ ఒక వృద్ధుల హోమ్‌లో కేర్‌గివర్‌గా చేరింది. లేవలేనివాళ్లకు స్నానం చేయించడం, సూప్ తాగించడం, పుండ్లు పడకుండా పక్క మీద అటూ ఇటూ తిప్పడం ఆమె పని. ముప్పై అయిదేళ్ల మనిషి. నవ్వు ముఖం. కూడికలో ఎవరింటికి వెళ్లినా ముందు వంటగదిలోకి నడిచి, చేతులు కడుక్కుని, టీ పెట్టే పని అందుకుంటుంది.

మార్చిలో యజమాని ఆమె ఉంటున్న ఫ్లాట్ అమ్మేశాడు. అద్దె పంచుకునే అమ్మాయి బ్రిస్బేన్ వెళ్లిపోయింది. ఒక్క జీతానికి అందే గది ఏదైనా ఉందని తెలిసి చూడబోతే, అప్పటికే వీధి మలుపు దాకా జనం. జంటలు, ఇద్దరి జీతాలు, పాత యజమానుల సిఫార్సులు. ఇల్లు ఎప్పుడూ వాళ్లకే దొరికేది. పని చేయనివాళ్లకే ఇల్లు ఉండదని నమ్మేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లకు ఒక మాట చెప్పాలి. ఈ ఊళ్లో ముసలివాళ్లకు పక్క వేసే మనిషికి తన పక్క పరుచుకునే చోటు లేదు.

ఆమె తన పాత కారు వెనక సీటు మడిచి దుప్పటి పరుచుకుంది. కొన్నాళ్లు పెటోనీలో సముద్రం ఒడ్డున, తర్వాత చర్చి వెనక కారు పార్కులో. అక్కడైతే లైటు ఉంటుంది. స్నానం హోమ్‌లోనే, డ్యూటీ ఎక్కే ముందు.

కూడికల్లో మనవాళ్లు సాక్ష్యాలు చెబుతారు. దేవుడు రెండో ఇల్లు ఇచ్చాడు, అద్దెకు కూడా ఇచ్చేశాం అని ఒకరు చెబితే అందరం హల్లెలూయా అంటాం. ఆశాజ్యోతీ అనేది. ఆమె అడిగేది మేడ కాదు. గిన్నె ఎక్కడుందో ఎవరినీ అడగనక్కర్లేని వంటగది ఒకటి కావాలి. అందరినీ పేరుపేరునా పిలిచి, వచ్చినవాళ్లకు తన చేత్తో టీ ఇవ్వాలి. దుకాణంలో కర్టెన్ల గుడ్డ వేళ్ల మధ్య నలిపి చూసి, మళ్లీ మడతపెట్టి వచ్చేసేది.

జూలైలో, ఇక్కడి నడి చలికాలంలో, సంఘం యూత్‌కు ఒక ఆలోచన వచ్చింది. పేదరికం గురించి నలుగురికీ తెలియజేయడానికి ఒక రాత్రి బయట అట్టల మీద పడుకోవాలి, వచ్చిన విరాళం పేదలకు సరుకులిచ్చే ఫుడ్‌బ్యాంకుకు ఇవ్వాలి. యూనివర్సిటీలో మొదటి సంవత్సరం చదివే కీర్తన దీనికి నాయకురాలు. చోటు చర్చి కారు పార్కు. పెద్దల్లో తోడుగా ఎవరుంటారంటే అందరి చూపూ ఆశాజ్యోతి మీదికే వెళ్లింది. పిల్లలకు ఆమె ఆశక్క. ఆమె కాదనలేకపోయింది.

ఆ శనివారం సాయంత్రం అయిదింటికే చీకటి పడింది. పిల్లలు అట్టపెట్టెలు విప్పుతుంటే తల్లులు కార్లలోంచి మంకీ క్యాపులు, ఫ్లాస్కులు, పులిహోర డబ్బాలు దింపుతున్నారు. లోకేశ్ వాళ్లమ్మ గాలి పరుపు తెచ్చి బ్యాటరీ పంపుతో ఊదడం మొదలుపెట్టింది. పరుపు వాడకూడదని కీర్తన అడ్డుపడితే ఆవిడ తగ్గలేదు.

“ఇది పరుపేంటమ్మా, ఉత్త గాలి.”

కీర్తన ఒప్పుకోలేదు. పరుపులు లేవు, ఫోన్లు లేవు, కార్లలోకి దూరడం అసలే లేదు అని అందరికీ వినబడేలా చెప్పింది. పంపు మాత్రం ఆగలేదు.

అప్పుడే శేషారత్నం గారు టీ ఫ్లాస్కుతో ఆశాజ్యోతి పక్కకు వచ్చారు.

“వచ్చే శుక్రవారం నీ వంతే. ఈసారి డ్యూటీ అన్నావో ఊరుకోను. ఉప్మా నేనే చేసుకొస్తా. నువ్వు తలుపు తీసి ఉంచు, చాలు.”

ఆశాజ్యోతి తలూపి, దుప్పటి తెచ్చుకుంటానని కారు దగ్గరికి నడిచింది. డిక్కీ ఎత్తేసరికి వెనకే వచ్చిన కీర్తన లోపలికి చూసింది. మడిచిన సీటు మీద పరుపు, దిండు. పైన హ్యాంగర్‌కు రెండు యూనిఫాంలు. మూలన బియ్యం డబ్బా.

“ఆశక్కా, చీటింగ్! మేమంతా నేల మీద, మీరు మాత్రం కార్లో బెడ్డు సెట్ చేసుకున్నారా?”

పిల్లలు నవ్వుతూ చుట్టూ చేరారు. ఆశాజ్యోతి కూడా నవ్వేయవచ్చు. పొద్దున్నే డ్యూటీ అని చెప్పేయవచ్చు. ఆ మాట నాలుక చివరే ఉంది. కానీ ఈసారి డ్యూటీ అంటే వచ్చే శుక్రవారం మళ్లీ అనాలి, ఆ తర్వాతి వంతుకూ అనాలి.

“చీటింగ్ కాదు కీర్తనా,” అంది. “నేను ఉండేది ఇందులోనే. మార్చి నుంచి.”

నవ్వు ఒక్కసారిగా ఆగలేదు. వెనకున్నవాళ్లకు వినబడలేదు. ఆగాక పంపు చప్పుడొకటే మిగిలింది. లోకేశ్ వెళ్లి దాన్నీ ఆపాడు.

శేషారత్నం గారు దగ్గరికొచ్చారు. “డ్యూటీ అనేదానివి కదే,” అన్నారు.

“తలుపు ఉంటే తీసి ఉంచనా ఆంటీ?” అంది ఆశాజ్యోతి. దుప్పటి పక్కకు జరిపి, “శుక్రవారం దాకా ఎందుకు? ఇప్పుడే పెట్టుకుందాం, మా ఇంట్లో ప్రార్థన. రండి.”

కారు తలుపులన్నీ తెరిచింది. శేషారత్నం గారిని ముందు సీట్లో కూర్చోబెట్టింది. పిల్లలు అట్టలు లాక్కుని చుట్టూ కూర్చున్నారు. పాట తనే ఎత్తుకుంది. శేషారత్నం గారి ప్రార్థన ఎప్పుడూ పొడుగే, టీ చల్లారిపోతుందని పిల్లలు గొణుక్కునేవాళ్లు. ఆ రోజు “తండ్రీ, ఈ బిడ్డకు” అన్నారు, మాట మధ్యలోనే కళ్లు తెరిచి వెనక వేలాడే యూనిఫాంల వైపు తిరిగారు. ఆశాజ్యోతే ఆమెన్ అంది. ఫ్లాస్కు ఆంటీ చేతిలోంచి తీసుకుని ఒక్కొక్కరికీ తనే టీ పోసి ఇచ్చింది.

“సామాను తీసుకో,” అన్నారు శేషారత్నం గారు. “మా పెద్దాడి గది ఖాళీగానే ఉంది.”

“వస్తాను ఆంటీ. ఈ చలి నావల్ల కావడం లేదు.” ఆమె కప్పులు ఒకదాంట్లో ఒకటి పెడుతూ అంది. “కానీ అది మీ ఇల్లు కదా. మిమ్మల్ని మా ఇంటికి పిలవాలని ఉంది నాకు.”

ఆ రాత్రి విరాళం ఇచ్చినవాళ్లలో అద్దెకిచ్చే ఇళ్లున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక్కరు కూడా ఒక తాళం చెవి తీసి ఇవ్వలేదు.

తర్వాతి శనివారం పక్కనే ఉన్న వైనుయొమాటాలో ఒక చిన్న ఇల్లు చూడటానికి ఆశాజ్యోతి వెళ్లింది. కీర్తన కూడా వస్తానంది. వానలో గంటసేపు లైన్లో నిలబడ్డారు. ముందున్నవాళ్ల చేతుల్లో ఫైళ్లు, కొలిచే టేపులు. కీర్తన గొడుగు ఆశక్క వైపే వంచి పట్టుకుంది. లోపలికి వెళ్లాక ఏజెంటు కాసేపు చూసుకోమన్నాడు.

ఆశాజ్యోతి పడగ్గది చూడలేదు, అల్మరాలు తెరవలేదు. ఖాళీ హాలు మధ్యలో నిలబడి ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా చూసింది.

“దుప్పట్లు పరిస్తే ఇక్కడ ఎంతమంది పడతారంటావు?”

“సర్దుకుంటే అందరం పడతాం అక్కా.”

గుమ్మం దగ్గర ఇంకో జంట లోపలికి రావడానికి చూస్తోంది. ఆశాజ్యోతి కదల్లేదు.