కెలెబోన్యేకి రావలసిన చీవాట్లు

మహలాపే బస్సు డిపోలో పొద్దున్నే టీ తాగడమంటే చీవాట్లు తినడమే. డ్రైవర్లు రేకుల పంచలో కూర్చుని నూనెలో వేగిన మగ్విన్యా పిండి ఉండలు నములుతుంటే, డిపో ఇన్‌చార్జి బషి ఒక్కొక్కడి సంగతీ తీసేవాడు.

"ఏరా ఒటెంగ్, చొక్కా తిరగేసి తొడుక్కొచ్చావ్? రాత్రి మీ ఆవిడ ఇంట్లోకి రానివ్వలేదా?"

తిట్టు తిన్నవాడు నవ్వేవాడు. తిట్టు పడనివాడు మాత్రం, ఏమైందో ఏమో, ఉద్యోగం ఊడుతుందా అని దిగులుపడేవాడు.

ఆ మగవాళ్ళ మధ్య ఒక్కతే ఆడ డ్రైవరు కెలెబోన్యే. బషి ఆమె మేనమామ కొడుకు, వరసకు బావ. "నన్ను చేసుకోవే, పెళ్ళికిచ్చే పశువులు మన దొడ్లోనే ఉంటాయి" అని చిన్నప్పటి నుంచీ ఏడిపించేవాడు. ఆమె బషిని చేసుకోలేదు, ఏ మగవాణ్ణీ చేసుకోలేదు. క్లినిక్‌లో నర్సు టెబాట్సోతో కలిసి ఇల్లు పెట్టుకుంది.

ఆ సంగతి బస్సుల యజమాని చెవిన పడింది. ప్రయాణికులు ఏమనుకుంటారోనని ఆయన బెంగ. ప్రయాణికులు అనుకునేది ఎప్పుడూ ఒకటే, బస్సు ఇంకా కదలదేమని. కానీ యజమాని మాట యజమాని మాటే. ఆయన చెప్పాడని బషి ఆమె చేతిలోని బస్సు తాళాలు తీసేసుకున్నాడు, తల ఎత్తకుండా.

కెలెబోన్యే ఏడవలేదు. నేరుగా కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్ళింది. అక్కడి అధికారిణి డిపోకు వచ్చి, యజమానినీ బషినీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఎవరిని ప్రేమించారన్న కారణంతో మనిషిని పనిలోంచి తీసెయ్యడానికి ఈ దేశపు చట్టం ఒప్పుకోదని నిదానంగా చదివి వినిపించింది. తాళాలు తిరిగొచ్చాయి.

పాత బషి మాత్రం తిరిగిరాలేదు. అతను ఆ చట్టాన్ని తన తెలివి కొద్దీ అర్థం చేసుకున్నాడు. ఆమె ఇంటి ఊసెత్తకూడదు, ఆమె మీద గొంతు పెంచకూడదు, వీలైతే ఆమె వైపు చూడకూడదు. ఆనాటి నుంచి "అమ్మా, దయచేసి, మీ సౌకర్యం చూసుకుని" తప్ప వేరే మాట లేదు. టీ దగ్గర తిట్లలోకి అందరి పెళ్ళాలూ వరసగా వచ్చేవారు. కెలెబోన్యే దగ్గరికి వచ్చేసరికి బషికి దగ్గు వచ్చేది.

ఆమె కావాలని ఆలస్యంగా వచ్చింది. "పర్వాలేదమ్మా, దారికి ఆవులు అడ్డం వచ్చుంటాయి."

గాబరోన్ వెళ్ళే బస్సుకు ఫ్రాన్సిస్‌టౌన్ బోర్డు తగిలించింది. "ఎక్కేవాళ్ళే కాస్త కనుక్కుని ఎక్కాలమ్మా."

"ఆ చట్టంలో ఓ ముక్క మాక్కూడా తెంపి ఇస్తారా?" అని ఒటెంగ్ మూతి తిప్పాడు.

ఇంట్లో టెబాట్సో నవ్వింది. "ఉద్యోగం దక్కింది కదే. తిట్లు కూడా కావాలా నీకు?"

"కావాలి. అందరి ఇళ్ళలోనూ మనుషులున్నారు వాడికి. మనింట్లోనే ఎవరూ లేనట్టు మాట్లాడతాడు. నువ్వు లేవనేగా దానర్థం?"

టెబాట్సో నవ్వు ఆపేసింది.

ఆ తర్వాత కెలెబోన్యే కావాలని తప్పులు చెయ్యడం మానుకుంది. మానుకున్నాకే అసలు తప్పు జరిగింది.

గాబరోన్ నుంచి వస్తుంటే డిబెటె గేటు దగ్గర అందరూ దిగాలి. పశువుల జబ్బు దాటిరాకుండా సోడా నీళ్ళలో నానిన పట్టా మీద చెప్పులు ముంచి, నడిచి అవతల మళ్ళీ బస్సెక్కాలి. "అందరూ ఎక్కారా?" అని కెలెబోన్యే అరిచింది. వెనక నుంచి ఎవరో "ఆఁ, ఎక్కాం" అన్నారు. ఇలాంటి చోట జవాబు చెప్పేవాడు ఎప్పుడూ ఎక్కినవాడే.

బస్సు మహలాపే చేరింది. బషి కిటికీలన్నీ వెతికాడు.

"అమ్మా, దయచేసి... ఒక ప్రయాణికురాలు తగ్గినట్టుంది."

"ఎవరు?"

"మా అమ్మ."

ఇంతలో అతని ఫోను మోగింది. గేటు దగ్గరి కాపలా మనిషి. కొత్త చెప్పులు ఆ నీళ్ళలో ముంచనని ముసలమ్మ తగువు పెట్టుకుందట, తగువు గెలిచి చూసేసరికి బస్సు లేదట, ఉల్లిపాయల లారీ ఎక్కించామట.

బషి ఫోను పెట్టేశాడు. అతని మెడ నరాలు ఉబ్బాయి. "అమ్మా, దయచేసి..." అని మొదలెట్టి, ఇక ఆగలేకపోయాడు. "నీ కళ్ళు గంజిలో ఉడకేశావా? నన్ను కన్న మనిషిని గేటు దగ్గర దింపేసి ఖాళీ సీటు మోసుకొస్తావా? ఇంట్లో నర్సును పెట్టుకున్నావు, ఒక్కసారైనా నీ కళ్ళు చూడలేదా ఆ టెబాట్సో? మీ ఇద్దరికీ కలిపి ఒక్క కన్నయినా..."

ఠక్కున ఆగిపోయాడు. పంచలో నమిలే శబ్దం కూడా ఆగింది.

"ఆపావేం బావా?" అంది కెలెబోన్యే.

"అది కాదు... ఆ రోజు తాళాలు తీసుకున్నప్పటి నుంచీ నీ మొహం చూడాలంటే నాకు..."

"నా తాళాలు లాక్కోవద్దంది చట్టం. నీ నోరు కుట్టుకోమనలేదు. మీ అమ్మను వదిలేసి వచ్చినదాన్ని తిట్టక ముద్దు పెట్టుకుంటారా? కానివ్వు."

కానిచ్చాడు. నెలల బాకీ కదా, చాలాసేపే పట్టింది. టెబాట్సో ఇంజెక్షన్లూ, టెబాట్సో వంటా, చివరికి టెబాట్సో నడకా కూడా వచ్చాయి. ఒటెంగ్ మధ్యలో ఒకటి అందించాడు.

ఆ గోలలోనే ఉల్లిపాయల లారీ ఆగింది. పొడి చెప్పులు చేత్తో పట్టుకుని అత్త దిగింది.

"నువ్వు తప్పుకోరా, తిట్టాల్సింది నేను. ఇక్కడ నిలబడి తిడితే తీరేది కాదు. ఏమే, ఆదివారం భోజనానికి రా. ఆ నర్సు పిల్లని కూడా తీసుకురా. దాని వాటా దానికుంది."

కెలెబోన్యే తల బాగా దించుకుంది. చీవాట్లు తినేటప్పుడు పెద్దవాళ్ళకు పళ్ళు కనిపించకూడదు మరి.