ముప్పై వేసవుల అబుందియో

మా ఎడారి ఊరు మెక్సికాలిలో కొత్తగా కలిసినవాణ్ణి ముందు అడిగేది, ఇక్కడ ఎన్ని వేసవులు గడిపావని. మా వీధి చివర అమెరికా సరిహద్దు కంచె ఉంది. దాన్ని దాటిపోదామని వచ్చి ఇటే ఆగిపోయినవాళ్లు మాలో సగం మంది. అయినా రెండు వేసవులు చూసినవాడు నిన్న దిగినవాణ్ణి చూసి నవ్వుతాడు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

ఈ లెక్కన మా వీధికి పెద్దాయన అబుందియో. ఒకప్పుడు బస్సుల మెకానిక్కు, ఇప్పుడు ఒంటరివాడు. కూలరులో గడ్డి ఎప్పుడు మార్చాలన్నా, ఎండలో కాలిన స్టీరింగు ఏ గుడ్డతో పట్టుకోవాలన్నా ఆయన్నే అడగాలి. అడగ్గానే చెప్పేస్తే ఇక గొప్పేముంది? మొదటి వేసవి ఎవరికి వాళ్లు ఉడకాల్సిందేనని ఆయన సిద్ధాంతం.

అన్నిటికంటే పెద్ద రహస్యం గీజరుది. జులైలో మాకు చన్నీళ్ల కుళాయి తిప్పితే డాబా మీది ట్యాంకులో మరిగిన నీళ్లొస్తాయి. అందుకని గీజరు ఆపేస్తాం. నీడన ఉన్న గీజరులో నీళ్లు చల్లబడతాయి. వేడినీళ్ల కుళాయి తిప్పుకుని స్నానం చేస్తాం. కొత్తవాళ్లు తనను అడిగేదాకా ఈ సంగతి ఎవరూ చెప్పకూడదని ఆయన కట్టడి చేశాడు. మేమూ నోరు కుట్టేసుకున్నాం.

ఆ ఏడు ఎదురింట్లోకి సముద్రతీరపు వెరాక్రూస్ నుంచి ఎలోడియా దిగింది. భర్తది టీవీల ఫ్యాక్టరీలో పని, చంకలో ఐదు నెలల పిల్ల. మర్నాడే మిట్టమధ్యాహ్నం నడుచుకుంటూ బజారుకు బయల్దేరితే అబుందియో కుర్చీలోంచి పడబోయాడు. "ఆగస్టు చూడదీ పిల్ల. తిరుగు బస్సెక్కేస్తది" అని తేల్చేశాడు.

ఇక రోజూ గుమ్మంలో కూర్చుని ఆమె వచ్చి అడుగుతుందని ఎదురుచూశాడు. ఆమె నమస్కారం పెట్టి వెళ్లిపోయేదే తప్ప ఏమీ అడగలేదు. ఆయనకు తిండి సయించడం మానేసింది. పసిదాని ఒళ్లు చెమటకాయలతో పేలిపోయి ఉంటుందని నాతో రెండుసార్లు అన్నాడు. వెళ్లి చెప్పొచ్చుగా అంటే, అడగందే ఎలా చెబుతానని నా మీదే విసుక్కున్నాడు.

ఎండ యాభై డిగ్రీలు దాటిన రోజు ఆయనే ఓడిపోయి, నన్ను తోడు తీసుకుని వెళ్లి ఆ తలుపు తట్టాడు. పిల్ల నున్నగా, పౌడరు పూసుకుని కిలకిలలాడుతోంది. ఆయన గొంతు సవరించుకుని, గీజరు రహస్యమంతా కొంత వేదాంతం కలిపి చెప్పాడు.

ఎలోడియా ఓపిగ్గా వింది. "వచ్చిన వారంలోనే తెలిసింది తాతయ్యా. గీజరు వెయ్యకుండానే పొరపాటున వేడినీళ్ల కుళాయి తిప్పాను. చివరింట్లో దిగినవాళ్లక్కూడా చెప్పాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"పెద్దవాళ్లు కదా. మీకు తెలీదేమో, నేను చెబితే చిన్నబుచ్చుకుంటారేమో అనుకున్నా."

నాకు నవ్వాగలేదు. ఆయన బల్ల మీద కూలబడ్డాడు. "అయితే నన్నడగడానికి ఇంకేం లేదన్నమాట."

"ఎందుకు లేదు? మీది ఏ ఊరు తాతయ్యా?"

ముప్పై వేసవుల్లో ఆ మాట ఆయన్ని ఎవరూ అడగలేదు. పక్కింట్లో ఉండి నేనూ అడగలేదు.

"సకతేకాస్ కొండల్లో చిన్న పల్లెటూరు" అన్నాడు. "జులైలో వానలు పడతాయమ్మా మాకు." తర్వాత ఆయన మాటలు ఆగలేదు. గంట తర్వాత నేను సిగ్గుపడుతూ లేచి వచ్చేసరికి, ఇంకా వాళ్లమ్మ సంగతే చెబుతున్నాడు.